నాలుగో షెడ్డు టేపుకు రెండు బొక్కలు

నాకు కోపం ఎక్కువ. పుట్టగానే మంత్రసానిని కరిచి ఉంటానని మా అమ్మ అనేది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం ఎందుకంటే, నేను చెప్పబోయే ఐలయ్య బతుకులో నా కోపం కూడా ఒక వేషం కట్టింది. అది మంచి వేషం కాదు.

ఐలయ్యది గోపన్‌పల్లి. కురుమలు. తాతల నాటి నుంచి గొర్రెలు, వాటితో పాటు గచ్చిబౌలి వైపు బండల నడుమ నాలుగెకరాల చెలక. డెబ్బై ఒకటిలో సర్కారు ఆ చెలక తీసుకుని, దాని మీద మా మిశ్రలోహాల కర్మాగారం కట్టింది. భూమి పోయిన ప్రతి ఇంటికీ ఒక ఉద్యోగం అన్నారు. ఇచ్చారు కూడా, కాకపోతే కచ్చా ఉద్యోగం. పొమ్మంటే పోవాలి. అయిదేళ్లు మచ్చ లేకుండా చేస్తే పక్కా చేస్తామని ఒక మాట అన్నారు. ఐలయ్యకు 1976 నవంబరుకి అయిదేళ్లు నిండాయి. పక్కా ఆర్డరు టైపయి, ఆఫీసు సూపరింటెండెంటు సోమేశ్వరరావు గారి సొరుగులో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. చెలక పోయింది, మంద అమ్మేశారు, ఇక ఆ ఇంటికి దిక్కు ఆ కాగితమే.

అతని పని టేపులు మోయడం. మా కర్మాగారంలో నాలుగు కొలుములు ఉండేవి, నాలుగు షెడ్లలో. ప్రమాదమైన గ్యాసుతో పని కాబట్టి ఒక్కో షెడ్డూ మిగతావాటికి దూరంగా బండల చాటున కట్టారు. ఒక్కో షెడ్డులో బట్టల బీరువా అంత కంప్యూటరు ఒకటి. కొలిమి వేడి ఎంతుందో క్షణక్షణం చూసుకుని, ఎక్కువైతే గ్యాసు వాల్వు కాస్త మూస్తుంది, తక్కువైతే కాస్త తెరుస్తుంది. అది ఎట్లా చెయ్యాలో దానికి చెప్పే ప్రోగ్రాము అంగుళం వెడల్పున్న కాగితపు పట్టీ మీద బొక్కల రూపంలో ఉంటుంది. అదే టేపు. మేం పైన ఆఫీసులో ప్రోగ్రాములో చిన్న మార్పు చేసినా సరే, కొత్త టేపులు నాలుగు కొట్టాలి. ఐలయ్య వాటిని సైకిలుకు కట్టుకుని నాలుగు షెడ్లూ తిరిగి, కొత్తది ఇచ్చి, పాతది పట్టుకుని రావాలి.

టేపు చేతికిస్తే ముందు కళ్లకద్దుకునేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకది చూస్తే ఒళ్లు మండేది. మెషిన్లోకి పోయేదానికి చెమట అంటిస్తావేమిటని ఒకసారి తిట్టాను. అతనికి నలభై దాటాయి, నాకు ఇరవై ఆరు. చదువు సార్, కాలికి తగలకూడదు గదా అని, ఆ రోజు నుంచి తువ్వాలు చుట్టి కళ్లకద్దుకోవడం మొదలుపెట్టాడు. మానెయ్యడం మాత్రం లేదు.

నా పేరు కామేశ్వరరావు. మాది పెద్దాపురం. లింగంపల్లిలో కిరాయి గదిలో ఉంటూ, ఐలయ్య పని లేకుండా చేసే యంత్రాంగం ఒకటి కట్టడానికి నన్ను తీసుకున్నారు. మాట మొరటుగా ఉంది గాని నిజం అదే. మా పెద్దాయన నరసింహమూర్తి గారికి టేపులు మోయించడమంటే నామోషీ. కొత్త ప్రోగ్రాము నాలుగు షెడ్లకూ చేరేసరికి పూట గడిచేది. ఈలోగా ఒక షెడ్డు పాత లెక్క మీద, ఒకటి కొత్త లెక్క మీద నడిచేవి. పై గది నుంచి నాలుగు షెడ్లకూ తీగలు లాగి, ఒక్క మీట నొక్కితే నాలుగు మెషిన్లూ ఒకేసారి ఆగి, కొత్త ప్రోగ్రాము తీసుకుని, అందిందని జవాబు చెప్పి, మళ్లీ నడవాలి. పధ్నాలుగు నెలలు తిండీ నిద్రా మానేసి కట్టాను. నవంబరు పదిహేడున, బుధవారం, పదకొండు గంటలకు ఢిల్లీ కమిటీ ముందు పరీక్ష. ఉత్త మెషిన్లతో కాదు, కొలుములు మండుతుండగానే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకది ఆ రోజు పదకొండుంపావు దాకా తెలియదు. దాన్ని చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు, ఇప్పుడే చెప్పేస్తాను. నాలుగో షెడ్డు వాల్వు మిగతా మూడింటి లాంటిది కాదు.

డెబ్బై మూడులో అక్కడి వాల్వు చెడిపోతే, స్టోర్సులో అదే రకం లేక ఇంకో కంపెనీది బిగించారు. అది ఎదురు వాల్వు. మెషిన్ తెరువు అంటే మూసుకుంటుంది, మూసుకో అంటే తెరుచుకుంటుంది. వేడి ఎక్కువైనప్పుడు మెషిన్ మూయబోతే అది ఇంకాస్త తెరుచుకుని, ఇంకాస్త గ్యాసు పోసి, ఇంకా వేడెక్కిస్తుంది. అట్లా వదిలేస్తే పావుగంటలో షెడ్డు ఉండదు. అప్పటి ఫోర్‌మన్ లింగమూర్తి గారు అది కనిపెట్టి పైకి కాగితం రాశారు. ఆ కాగితం ఢిల్లీ వెళ్లింది. ఢిల్లీ వెళ్లిన కాగితం అక్కడే స్థిరపడింది. ఈలోగా సరుకు ఏదని ఒత్తిడి. లింగమూర్తి గారు తెలివైన మనిషి, ప్రోగ్రాము కాస్త చదవగలరు. టేపు మొదట్లో పదమూడో వరుసలో రెండు బొక్కలు అదనంగా పొడిస్తే మెషిన్ తన మాట తిరగేసుకుంటుందని పట్టుకున్నారు. ఎదురు వాల్వుకు ఎదురు మాట. అంతా సరిపోయింది.

ఆ బొక్కలు తనే పొడుద్దామంటే ఆయన కళ్లకు శుక్లాలు. బొక్కలు పొడిచే చేతి పంచు ఐలయ్యకిచ్చి, ఖాళీ కాగితం అయిపోయాక నిండా బొక్కలున్న వరుస వస్తుంది, అక్కణ్నుంచి పదమూడు లెక్కపెట్టు, అంచు పక్క రెండు పొడువు అని నేర్పారు. ఐలయ్యకు ఇంగ్లీషు రాదు. లెక్క మాత్రం చీకట్లో దొడ్డి తలుపు దగ్గర మందను లెక్కపెట్టే లెక్క, తప్పదు. పైగా అతనికి ఇదేమీ వింతగా తోచలేదు. కురుమల్లో ఎవరి మందకు వాళ్లు గొర్రె చెవి అంచు కోసి కాటు పెడతారు, కలిసిపోయినా పోల్చుకోవడానికి. నాలుగో షెడ్డు టేపుకు చెవికాటు ఉంటుంది అనుకున్నాడు, అంతే. లింగమూర్తి గారు రిటైరై వరంగల్ వెళ్లారు. ఆర్నెల్లకే పోయారు. కొత్త ఫోర్‌మన్ రామబ్రహ్మం వచ్చాడు. కొత్త టేపు వచ్చినప్పుడల్లా ఐలయ్య దారిలో సీతాఫలం చెట్టు కింద సైకిలు ఆపి, పదమూడు లెక్కపెట్టి, రెండు పొడిచి, షెడ్డులో ఇచ్చేవాడు. మూడేళ్లు. పందొమ్మిది టేపులు. కర్మాగారం పుస్తకాల్లో ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. నా ఫైలులో మాత్రం నాలుగు షెడ్ల ప్రోగ్రామూ చుక్క తేడా లేకుండా ఒకటే అని రాసి ఉంది. నేనే రాశాను.

పరీక్షకు వారం ముందు తీగల గదికి వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని కాసేపు నిలబడ్డాడు. ఈ తీగల్లోంచి నాలుగు షెడ్లకూ ఒక్కటే పోతుందా, వేరే వేరే పోతుందా అని అడిగాడు. నాకు హుషారొచ్చింది. కూర్చోబెట్టి మరీ చెప్పాను, చుక్క తేడా లేకుండా ఒక్కటేనని. మధ్యలో చెయ్యి పెట్టడానికి ఎవరికీ వీలుండదని కూడా చెప్పాను. అతని మొహం వాడిపోయింది. ఉద్యోగం పోతుందని బెంగ కాబోలు అనుకున్నాను.

అతని ఇరకాటం నాకేం తెలుసు? విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. చెబితే మూడేళ్లుగా సర్కారు టేపులకు బొక్కలు పెడుతున్నట్టు తనే ఒప్పుకోవాలి. అవి అత్యవసర పరిస్థితి రోజులు. ఏదో ఊళ్లో మిల్లులో మెషిన్ ఆపినందుకు ఇద్దరు కూలీలను జైల్లో వేశారని క్యాంటీన్లో గుసగుసలు పోయేవి. పక్కా ఆర్డరు మాట సరే, ఇంటికి తిరిగొస్తాడో రాడో తెలియదు. చెప్పకపోతే నాలుగో షెడ్డు లేచిపోతుంది. అందులో పదకొండు మంది పనిచేస్తారు. వాళ్లలో పెంటయ్య అతని బామ్మర్ది. ఆ వారం ఐలయ్య అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కునేవాడని అతని భార్య భూలక్ష్మి తర్వాత చెప్పింది. ఏమైందంటే కడుపు బాగలేదనేవాడట.

బుధవారం వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నర. ఢిల్లీ వాళ్లు నలుగురూ నరసింహమూర్తి గారి గదిలో టీ తాగుతున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని తీగల కొసలు నూరోసారి చూసుకుంటున్నాను. గుమ్మంలో ఐలయ్య. చెప్పులు బయట విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. పదకొండు తర్వాత రమ్మన్నాను, తల తిప్పకుండానే.

"తర్వాత గాదు సార్, ముందే జెప్పాలె," అన్నాడు. "గా నాలుగో షెడ్డుది జర అలగ్ ఉంటది. గా తీగె ఒక్కటి ఇయ్యాల ఇప్పేయుండ్రి సార్. దానికి నేనే టేపు పట్కపోత."

తల తిప్పి చూశాను. నా కళ్లకు టేపులు మోసే మనిషి కనిపించాడు, టేపులు మోసే పని కోసం దేబిరిస్తూ. ఒక షెడ్డయినా తనకు మిగల్చమని బేరం పెడుతున్నాడనుకున్నాను. అదీ ఈ రోజు, ఈ గంటకు. నా నెత్తికెక్కింది.

"నీ ఉద్యోగం కోసం నా పధ్నాలుగు నెలల కష్టం ఆపమంటావా?" అన్నాను. "పో అవతలికి."

కేక వరండాకు వినబడింది. సోమేశ్వరరావు గారు తొంగి చూశారు. సంగతేమిటని అడిగి, నేను చెప్పింది విని, ఐలయ్యతో మెల్లగా, చాలా మెల్లగా ఒక మాట అన్నారు. కమిటీ ముందు గలాటా చేస్తే సొరుగులో కాగితం చింపడమే కాదు, పోలీసులకు కూడా చెప్పాల్సి వస్తుందన్నారు. ఐలయ్య నా వైపు ఇంకోసారి చూశాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. పీడ విరగడయిందని ఊపిరి పీల్చుకున్నాను.

అక్కణ్నుంచి అతను ఏం చేశాడో తర్వాత పెంటయ్య వల్లా, రామబ్రహ్మం వల్లా తెలిసింది. తిన్నగా నాలుగో షెడ్డుకు పోయి రామబ్రహ్మాన్ని పట్టుకున్నాడు. వాల్వు ఉల్టా ఉందని చెప్పాడు. రామబ్రహ్మం నవ్వాడు. ఉల్టా ఉంటే మూడేళ్లుగా ఎట్లా నడుస్తోందని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేను నడిపిస్తున్న సార్ అన్నాడట ఐలయ్య. పొద్దున్నే కల్లు పడిందనుకుని రామబ్రహ్మం, కమిటీ వచ్చే వేళకు కనబడకు, నీకే మంచిదని తోలేసి, మెషిన్ గదిలోకి పోయి కూర్చున్నాడు.

ఐలయ్య పోలేదు. షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఎండలో కూర్చున్నాడు. అతనికి గడియారం లేదు. పది గంటల సైరను విన్నాడు. ఇక పదకొండు సైరను ఒక్కటే మిగిలింది. ఆ గంటసేపూ తనలో తను ఏం కొట్లాడుకున్నాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. సైరనుకు కాస్త ముందు లేచి, లోపల పెంటయ్యను భుజం పట్టి, పనివాళ్లనందర్నీ బండ అవతలికి తీసుకుపొమ్మన్నాడు. పెంటయ్య బిత్తరపోయాడు. బావ మొహం చూసి విషయం కొంత గ్రహించాడు, పూర్తిగా కాదు.

"బావా, మరి ఆర్డరు?" అన్నాడు.

"ఆర్డరు సంగతి ఇడిసిపెట్టు. నువ్ బయటికి నడువ్."

పైన మా గదిలో సైరను మోగింది. నరసింహమూర్తి గారు నా వైపు చూసి తలూపారు. మీట నొక్కాను. నాలుగు టైపు యంత్రాలు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కో షెడ్డుకు ఒకటి. ఒకటో షెడ్డు ఆగింది, తీసుకుంది, అందిందని కొట్టింది. రెండోది. మూడోది. నాలుగోది కాస్త ఆలస్యం చేసింది. అదీ కొట్టింది, అందింది. ఢిల్లీ వాళ్లలో ముసలాయన చప్పట్లు కొట్టాడు. నరసింహమూర్తి గారు నా వీపు తట్టారు. నా బతుకులో అంత పొంగిపోయిన క్షణం ఇంకోటి లేదు. అబద్ధమెందుకు, పెళ్లినాడు కూడా అంత పొంగలేదు.

ప్రోగ్రాము అందాక ప్రతి షెడ్డూ నిమిషానికోసారి తన వేడి ఎంతో కొట్టాలి. మూడు షెడ్లు ఎనిమిది వందల నలభై దగ్గర నిలకడగా ఉన్నాయి. నాలుగోది ఎనిమిది వందల ముప్ఫై ఒకటి. మరుసటి నిమిషం ఎనిమిది వందల పద్నాలుగు. తర్వాత ఏడు వందల తొంభై. ముసలాయన కళ్లజోడు సవరించుకుని అదేమిటని అడిగాడు. సర్దుకుంటుందండి అన్నాను. ఏడు వందల అరవై రెండు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కొలిమిలో ఉన్న సరుకు ఆ ఏడాదంతటికీ ఖరీదైనది, చల్లబడితే పారెయ్యడమే. ఫోను మోగింది. రామబ్రహ్మం. ఐలయ్య గ్యాసు గొట్టానికున్న పెద్ద కాక్ చేత్తో తిప్పి మూసేసి, దాని చక్రాన్ని కరుచుకుని ఉన్నాడని చెప్పాడు.

గదిలో ఎవరో విద్రోహం అన్నారు. ఆ రోజుల్లో ఆ మాటకు ఎంత బరువో ఇప్పటివాళ్లకు తెలియదు. ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు జీపు కోసం పరిగెత్తారు. నేను జీపు కోసం ఆగలేదు. రెండు ఫర్లాంగులు బండల మీదుగా పడి పరిగెత్తాను. దారి పొడుగునా నా నోట్లోంచి వచ్చిన తిట్లు మా పెద్దాపురంలో కూడా అనరు.

షెడ్డు ఖాళీగా ఉంది. గొట్టం మీద ఛాతీ ఎత్తున ఇనప చక్రం, దాన్ని రెండు చేతులా వాటేసుకుని ఐలయ్య. రామబ్రహ్మం లాగుతున్నాడు. లాగలేకపోతున్నాడు. నేను పోయిన ఊపున ఐలయ్య చెంప మీద కొట్టాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ని. అతని తువ్వాలు కింద పడింది. చేతులు మాత్రం చక్రాన్ని వదల్లేదు.

"చంపుండ్రి సార్, ఇడువ," అన్నాడు. "ఒక్కపారి గా వాల్వు దిక్కు సూడుండ్రి. వేడి దిగుతుంది గద. వాల్వు ఏం జేస్తుందో సూడుండ్రి."

ఎందుకు చూశానో తెలియదు. చూశాను. వాల్వు పక్కన చిన్న ముల్లు ఉంటుంది, తెరిచి ఉందో మూసి ఉందో చూపిస్తూ. వేడి ఏడు వందల నలభైకి పడిపోయింది. అంతలా చల్లబడుతుంటే మెషిన్ వాల్వును పూర్తిగా తెరవాలి. ఇంకా గ్యాసు, ఇంకా గ్యాసు అని అరుస్తున్నట్టు తెరవాలి. ముల్లు మూసుకున్న వైపు, కొస దాకా వాలి ఉంది.

చల్లబడితే మూస్తోంది. అంటే వేడెక్కితే తెరుస్తుంది. మీట నొక్కే ముందు ఆ కొలిమి వేడి మెల్లగా ఎక్కుతూ ఉంది, లెక్క చిట్టాలో నేనే చూశాను. కాక్ తెరిచే ఉంటే ఈపాటికి వాల్వు నిండా తెరుచుకుని ఉండేది. రామబ్రహ్మం నా మొహం చూసి చక్రం వదిలేశాడు. గొట్టాలు చల్లారుతూ టకటకమంటున్నాయి. ఐలయ్య అప్పుడు బొక్కల సంగతి చెప్పాడు, మొదటి నుంచి, లింగమూర్తి గారి పేరు మాత్రం ఎత్తకుండా. నేనే ఏసిన సార్ అన్నాడు. లింగమూర్తి గారు నేర్పారన్నది ఆయన సొంతానికి రాసుకుని వదిలివెళ్లిన పాత నోటు పుస్తకంలో నెల తర్వాత నేను చూశాను.

జీపు వచ్చింది. సెక్యూరిటీ వాళ్లు ఐలయ్య చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. కమిటీ వాళ్లు దిగారు. అక్కడున్నది ఎదురు వాల్వనీ, ఇతను కట్టెయ్యకపోతే షెడ్డు పోయేదనీ నేనే చెప్పాను. అంతవరకు చెప్పాను. దాంతో విద్రోహం మాట పోయింది, పోలీసుల మాట పోయింది. ఆ సాయంత్రం నరసింహమూర్తి గారు నన్ను పిలిచి, తలుపు వేసి, పొద్దున ఐలయ్య మీ దగ్గరికి ఎందుకు వచ్చాడండీ అని అడిగారు. ఆయనకు ఎవరు చెప్పారో. ఉన్నది చెప్పాను. ముందే తెలిసి కూడా మీట నొక్కారని ఢిల్లీకి తెలిస్తే యంత్రాంగమూ ఉండదు, మీరూ ఉండరు అన్నారు. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

నాలుగో రోజు విచారణ, సోమేశ్వరరావు గారి గదిలోనే. కమిటీ తరపున ఒక అధికారి ఉండిపోయాడు. ఐలయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. బొక్కలు ఎవరు పొడిచారు, నేనే. కాక్ ఎవరు కట్టారు, నేనే. అధికారి మర్యాదస్తుడే. తలూపుతూ, నువ్వు ప్రాణాలు కాపాడావు, అది వేరే సంగతి అన్నాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. సోమేశ్వరరావు గారు దాన్ని తెలుగు చేసి చెప్పారు: "ఇంత ప్రమాదమని తెలిసినప్పుడు ముందుగా ఏ అధికారికైనా ఎందుకు చెప్పలేదు?"

ఐలయ్య నా వైపు చూశాడు.

బుధవారం పొద్దున అతను చెప్పబోయిన మాట విన్నవాళ్లం ఇద్దరమూ ఆ గదిలోనే ఉన్నాం. ఒకరు కలం పట్టుకుని ఉన్నారు. ఒకరు గచ్చు మీద పగుళ్లు లెక్కపెడుతున్నారు. ఆ పగుళ్లు ఇప్పటికీ నాకు గుర్తే. ఎంతసేపు చూశాడో తెలియదు, నేను తల ఎత్తితే గదా. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. చివరికి సోమేశ్వరరావు గారు కలం కదిపి, సమాధానం లేదు అని రాసుకున్నారు.

ముందుగా తెలపనందుకు, సర్కారు టేపులు పాడు చేసినందుకు కచ్చా ఉద్యోగం రద్దు. జైలు లేదు, అదే పదివేలు అనుకోమన్నారు. సొరుగులో కాగితం చిరిగిపోయింది. చెలక ఎటూ తిరిగిరాదు.

నేను యంత్రాంగం దిద్దాను. కొత్త ప్రోగ్రాము పంపే ముందు ఇప్పుడది ప్రతి షెడ్డునూ నువ్వెవరని అడుగుతుంది. ఎవరి తేడాలు వాళ్లకు కలిపి మరీ పంపుతుంది. నాలుగో షెడ్డు పదమూడో వరుసలో రెండు బొక్కలు అదే పొడుస్తుంది. ఫిబ్రవరిలో రెండో పరీక్ష జరిగింది, జయప్రదంగా. నరసింహమూర్తి గారికి పెద్ద ఉద్యోగం వచ్చింది. నాకు ఆయన ఉద్యోగం వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం గోపన్‌పల్లి పోయాను. నాలుగు నెలలు పట్టింది నాకు అక్కడికి పోవడానికి. ఊరి బయట ఎవరిదో మంద, ఐలయ్య అందులో జీతానికి కుదిరాడు. మోకాళ్ల మధ్య గొర్రెపిల్లను ఇరికించుకుని చెవికి కాటు పెడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. భూలక్ష్మి సద్ది గిన్నె తెచ్చింది, నన్ను చూసి గిన్నె అక్కడ పెట్టి, మొహం తిప్పుకుని పోయింది. ఆమె కోపం నాకు నచ్చింది. దానికి నేను తగినవాణ్నే.

నాలుగో షెడ్డుకు బొక్కలు పడుతున్నాయా అని ముందు అతనే అడిగాడు. మర్చిపోతరేమోనని పరేషాన్ అయిన సార్ అన్నాడు. ఇక మెషినే చూసుకుంటుందని, ఎవరూ మర్చిపోవడానికి వీల్లేదని చెప్పాను. ప్రోగ్రాములో ఆ ముక్కకు అతని పేరే పెట్టానని కూడా చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. చెలక తీసుకుని పేరు ఇచ్చినట్టుంది. మంచిగైంది సార్, పెంటయ్యకు ఇగ ఫికర్ లేదు అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు కాదు.

చివరికి నేను అడగవలసింది అడిగాను. ఆ రోజు విచారణలో, నాకు చెప్పావని నువ్వెందుకు అనలేదు?

అతను పిల్ల చెవి తడిమాడు.

"నేను జెప్తే ఎవరు నమ్ముతరు సార్? మీరే జెప్తరని సూసిన."

ఆ పిల్లను వదిలేసి ఇంకో పిల్లను పట్టుకున్నాడు. నేను అక్కడ నిలబడే ఉన్నాను. తర్వాత బస్సు వేళయిందన్నాడు.

ఐలయ్య ఇప్పుడు లేడు. సోమేశ్వరరావు గారు లేరు. ఆ షెడ్లు లేవు. ఆ ఫైలు ఎక్కడో బూజు పట్టి ఉంటుంది, అందులో సమాధానం లేదు అన్న మాట అట్లాగే ఉంటుంది. అది తప్పు. సమాధానం ఉంది. 1976 నవంబరు పదిహేడు, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నరకు, ఐలయ్య నాకు చెప్పాడు.